పక్కవాద్యం

సినిమా పాటల ఆర్కెస్ట్రా స్టేజి మీద ఆడవాళ్ళు ఎక్కడ నిలబడతారో మీరు గమనించే ఉంటారు. ముందు, మైకు దగ్గర, చేతిలో పాటల పుస్తకంతో. కీబోర్డు, ప్యాడ్స్, గిటారు, డోలక్ అన్నీ వెనకాల మగవాళ్ళ చేతుల్లో ఉంటాయి. పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలి, ఎంత వేగంగా నడవాలి, చరణానికి ముందు ఎంతసేపు ఆగాలి అన్నవి ఆ వెనకవాళ్ళే తేలుస్తారు. పేరుకు అవి పక్కవాద్యాలు. నిజానికి పాడే మనిషే వాటి వెంట నడుస్తుంది. గుంటూరు, విజయవాడ వైపు పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో, క్రిస్మస్ ప్రోగ్రాముల్లో ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. కీబోర్డు ముందు ఒక ఆడమనిషి కూర్చోవడం వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే చూశాను. అందులోనూ ఎక్కువసార్లు కనిపించింది మా పిన్నే.

నా పరిశోధన స్త్రీల పాటల మీద. నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు, ఉయ్యాల పాటలు. వాటిలో శ్రమ గురించీ అత్తింటి గురించీ వచ్చే మాటల్ని పట్టుకుని డాక్టరేటు చేశాను. ఆ పాటలకి వాయిద్యాలు లేవు. రోకలి పోటో, నాటేసే చేతి ఊపో, ఉయ్యాల గొలుసు కిర్రుమనే చప్పుడో వాటికి తాళం. సాహిత్య విభాగంలో కూర్చుని మాటల్ని విడదీసి చూసుకునే నాకు రిథమ్ పెట్టెలతో పనేముంటుంది? పిన్ని వల్ల పడింది. ఆమె కీబోర్డుతోపాటు వచ్చిన ఇంగ్లీషు మాన్యువల్‌ని నాలుగు సెలవు రోజులు కూర్చుని తెలుగులో ఒక లాంగ్‌నోట్ బుక్కులోకి దించింది నేనే. ఒక సాహిత్య గ్రంథాన్ని చదివినంత శ్రద్ధగా చదవాల్సి వచ్చింది. చదువుతుంటే అందులోనూ ఒక ప్రపంచ దృక్పథం కనబడింది.

అరేంజర్ కీబోర్డు అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. చూడ్డానికి కరెంటు హార్మోనియంలా ఉంటుంది. మామూలుగా 61 మెట్లు. కుడిచేత్తో పాట వాయిస్తారు. ఎడమచేత్తో ఒక కార్డు, అంటే రెండు మూడు స్వరాలు కలిపి, నొక్కుతారు. ఏ కార్డు నొక్కారో పెట్టె గుర్తుపట్టి డ్రమ్స్, బేస్, గిటారు, వయొలిన్ల గుంపు అన్నిటినీ దానికి తగ్గట్టు వాయించుకుంటూ పోతుంది. ఈ వరసనే స్టైల్ అంటారు. ఒక మీట నొక్కితే ఇంట్రో వస్తుంది, ఇంకోటి నొక్కితే మధ్యలో డ్రమ్స్ ఉరవడి, మరోటి నొక్కితే ముగింపు. సినిమా సంగీతంలో అరేంజర్ అంటే ఒకప్పుడు మనిషి. సంగీత దర్శకుడు కట్టిన బాణీలో ఏ వాద్యం ఎక్కడ పలకాలో కాగితాల మీద రాసి వాద్యగాళ్ళకి పంచేవాడు. ఆ మనిషి పేరు ఇప్పుడు పెట్టెకొచ్చింది.

పిన్నిది తెనాలి దగ్గర పల్లె. పదో తరగతితో చదువు ఆగింది. చిన్నప్పుడే చర్చిలో హార్మోనియం పట్టుబడింది. బాబాయి పోయాక జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. హార్మోనియం వాయించాలంటే తబలాకి ఒకళ్ళు, డోలక్‌కి ఒకళ్ళు కావాలి. వాళ్ళకి కుదిరినప్పుడే పాట. రాత్రి ప్రోగ్రాము అయ్యాక వాళ్ళతోపాటే ఆటోలో ఊరు చేరాలి. అలా చేరినందుకు మర్నాడు బోరింగు దగ్గర నాలుగు మాటలు పడాలి. 2011లో కుట్టుకూలి డబ్బుల్తో చిన్న కీబోర్డు ఒకటి కొనుక్కుని మిషను పక్కనే పెట్టుకుంది. ఇప్పుడున్నది రెండోది, యమహా పిఎస్‌ఆర్-ఐ455. మన దేశం కోసమని తబలా, డోలక్, తంబురాలాంటివి పెట్టి తయారుచేసిన రకం. ఆ మొదటిది ఎందుకు కొన్నావు పిన్నీ అని అడిగితే, మెషీను మీంచి తల ఎత్తకుండానే చెప్పింది.

“ఇది తాగి రాదే. రేపు రాలేనక్కా అని ఫోన్ చెయ్యదు. ఇంత రాత్రప్పుడు ఒక్కదానివే ఎలా పోతావు, నేను దింపుతానులే అనదు.”

సంగీతం తెలిసినవాళ్ళు ఈ పెట్టెల మంచిచెడ్డలు మాట్లాడుకోవడం చాలాసార్లు విన్నాను. టోన్లు ఎలా ఉన్నాయి, స్పీకర్లు ఎలా ఉన్నాయి, ధరకి తగ్గ సరుకేనా... ఇంతే. పిన్ని చెప్పిన మూడు కారణాలూ ఆ మాటల్లో ఎప్పుడూ రాలేదు. హెడ్‌ఫోన్స్ సంగతి కూడా అంతే. మగవాళ్ళకి అదొక చిన్న సదుపాయం. పిన్ని పదేళ్ళపాటు సాధన చేసింది రాత్రి పదకొండు దాటాక, పిల్లలూ అత్తగారూ పడుకున్నాక, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. బయటికి వినబడేది ప్లాస్టిక్ మెట్ల టకటక ఒక్కటే. వర్జీనియా వూల్ఫ్ 1929లో అడిగిన సొంత గది మా పిన్నికి ఈరోజుకీ లేదు.

ఇంకొకటి శ్రుతి. మన సంఘాల్లో పాటలు చాలావరకు మగగొంతు ఎత్తుకున్న చోటే మొదలవుతాయి. ఆడవాళ్ళు పైకి అందలేక చీల్చుకునైనా పాడతారు, లేదంటే కిందికి దిగి గొణుగుతారు. హార్మోనియం మీద శ్రుతి మారిస్తే వేళ్ళు పెట్టే చోట్లన్నీ మారిపోతాయి, దానికి చాలా సాధన కావాలి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ అని ఒక మీట ఉంది. వేళ్ళు అక్కడే ఉంటాయి, శ్రుతి మాత్రం అరమెట్టు అరమెట్టుగా జరుగుతుంది. పిన్ని వాయించే చోట ముందు ఆడవాళ్ళని పాడమంటుంది. వాళ్ళకి హాయిగా ఉన్న శ్రుతి పట్టుకున్నాక “మీరు కలవండయ్యా” అని మగవాళ్ళకి చెబుతుంది. ఇది చిన్న విషయం కాదని నేననుకుంటాను.

అయితే ఈ పెట్టెని పొగడ్డంలో పిన్ని ఎంతో, తిట్టడంలోనూ అంతే.

తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే పుస్తకం ఉంటుంది. పురుషోత్తమ చౌదరి లాంటి పందొమ్మిదో శతాబ్దపు కవులు రాసిన కీర్తనలు అందులో చాలా ఉన్నాయి. పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. వాటిలో ఆదితాళపు పాటలున్నాయి, చాపు తాళపు పాటలూ ఉన్నాయి. మిశ్రచాపు అంటే ఏడు లెక్క: మూడు, నాలుగు. కుంటుకుంటూ నడిచినట్టుంటుంది, అందమంతా ఆ కుంటులోనే. పెట్టెలో వందల స్టైల్స్ ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగం నాలుగు లెక్కవి. మూడు, ఆరు లెక్కవి కొన్ని. “ఏడుకి వాడి దగ్గర మనిషి లేడు” అంటుంది పిన్ని. ఏడు లెక్క పాటని నాలుగు లెక్క స్టైల్లో కూర్చోబెట్టాలంటే ప్రతి పాదానికీ ఒక లెక్క సాగదీయాలి. అలా సాగదీసి వాయించే కుర్రాళ్ళున్నారు. పిన్నికి చెయ్యాడదు. ఆ పాట వచ్చినప్పుడు స్టైల్ ఆపేసి ఉత్త హార్మోనియం టోన్‌తో వాయిస్తుంది. కుర్రకారు మొహాలు చిన్నబుచ్చుకుంటారు. వచ్చేవారం ఆ పాట పాటల పట్టీలో ఉండదు. ఎవరూ ఆ కీర్తనలు వద్దని తీర్మానం చెయ్యలేదు. పెట్టెలో వాటికి తాళం లేకపోవడం చాలింది. ఒక వాఙ్మయం మరుగున పడటానికి కారణాలు వెతికేటప్పుడు మనం అచ్చు, పాఠ్యపుస్తకాలు, కులం, మతం అన్నీ చూస్తాం. ఒక జపాన్ కంపెనీ తాళాల పట్టీని కూడా చూడాలని పిన్ని పక్కన కూర్చున్నాక తెలిసింది.

సొంతంగా స్టైల్ తయారుచేసుకునే వీలు పెద్ద మోడళ్ళలో ఉంటుంది. వాటి ధర ఎక్కువ. గుంటూరులో ఆర్కెస్ట్రా నడిపే ఒకాయన దగ్గర కోర్గ్ కంపెనీ పిఎ వరసలోది ఒకటుంది. ఆయన స్టైల్స్ పెన్‌డ్రైవ్‌లో కొనుక్కుని ఎక్కించుకుంటాడు. ఇవి తయారుచేసేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఆయనకి తెలిసినంతలో అందరూ మగవాళ్ళే. పిన్ని దాకా ఆ పెన్‌డ్రైవ్‌లు ఎప్పుడూ రాలేదు. టీ కొట్ల దగ్గర చేతులు మారే వస్తువు అది. ఆయన ఇరవయ్యేళ్ళ అనుభవం మీద చెప్పిన మాటొకటి నన్ను పట్టుకుంది.

“పాడేవాళ్ళు ఒక లెక్క జారారనుకోండి మేడమ్, మనుషులైతే సర్దుకుంటారు. డోలక్ అతను ఒక దెబ్బ మింగేస్తాడు, ఎవరికీ తెలీదు. ఇది మింగదు. తప్పంతా ఆ పాడే అమ్మాయి మీదకే పోద్ది.”

మళ్ళీ మొదట చెప్పిన స్టేజి దగ్గరికే వస్తున్నాం చూశారా? వెనక మనుషులున్నప్పుడు వాళ్ళు అధికారం చేసేవాళ్ళు, నిజమే. కానీ వినేవాళ్ళు కూడా. చెవి ఒగ్గేవాళ్ళు. పెట్టె చెప్పినట్టు చేస్తుంది కానీ వినదు. ఎడమచేతి కింద ఏ మెట్లు నలిగాయో దానికి తెలుసు. పక్కన పాడుతున్న మనిషికి ఊపిరి అందలేదన్న సంగతి దానికెలా తెలుస్తుంది?

హైదరాబాదులో నా స్నేహితురాలు ఒకామె కర్ణాటక వయొలిన్ వాయిస్తుంది, పాఠాలు చెబుతుంది. ఆమెకి ఈ పెట్టెలంటే వెగటు. గమకం పలకదు, స్వరాల మధ్య దారి లేదు, గుమ్మం నుంచి గుమ్మానికి గెంతడమే అంటుంది. ఆ మాట అబద్ధం కాదు. పిచ్ బెండ్ అని ఒక చక్రం ఉంటుంది, తిప్పితే స్వరం కొంచెం జారుతుంది. కానీ అది ఎడమవైపు ఉంటుంది, ఎడమచెయ్యేమో కార్డు పట్టుకుని ఉంటుంది. ఒకదాన్ని వదిలితే గానీ ఇంకోటి అందదు. ఇంతవరకూ ఆమెతో నాకు పేచీ లేదు. ఆ తర్వాత ఆమె “అది అసలు సంగీతమే కాదు” అన్నప్పుడు మాత్రం నాకు హార్మోనియం గుర్తొస్తుంది. ఇదే గమకాల అభియోగం మీద ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని వెలివేసింది. 1971లో గానీ ఆ కట్టు సడలలేదు. ఆ ముప్పై ఏళ్ళూ పద్యనాటకాల స్టేజీల మీద, భజన మందిరాల్లో, చర్చిల్లో, పెళ్ళిచూపుల కోసం ఆడపిల్లలకి నాలుగు కీర్తనలు నేర్పించే మధ్యతరగతి ఇళ్ళలో హార్మోనియం మోగుతూనే ఉంది. శుద్ధమైన సంగీతం గురించి తీర్పులు చెప్పే చోట ఉన్నవాళ్ళు వేరు, వాయించే చోట ఉన్నవాళ్ళు వేరు. పిన్నికి వయొలిన్ నేర్పడానికి ఆ రోజుల్లో ఏ గురువు ముందుకొచ్చేవాడో నా స్నేహితురాలిని అడగలేదు. అడిగితే ఆమే బాధపడుతుంది.

ఇక్కడ ఒక జపాన్ స్త్రీ గురించి చెప్పకుండా ఉండలేను. ఒకుదా హిరోకో సంగీతశాస్త్రం చదివింది. జమైకా రెగె సంగీతం మీద సిద్ధాంతవ్యాసం రాసి, 1980లో కాసియో కంపెనీలో చేరింది. చేరగానే అప్పగించిన పని ఎంటి-40 అనే చిన్న కీబోర్డుకి రిథమ్‌లు తయారుచెయ్యడం. 1981లో అది మార్కెట్‌లోకి వచ్చింది. అందులో ‘రాక్’ అని పేరున్న మీట నొక్కితే మోగే బేస్ వరస ఆమె కట్టిందే. 1985లో జమైకాలో వేన్ స్మిత్ అనే గాయకుడు, కింగ్ జామీ అనే నిర్మాత ఆ వరసని కొంచెం నెమ్మది చేసి ‘అండర్ మి స్లెంగ్ టెంగ్’ అనే పాట చేశారు. కంప్యూటర్ రెగెకి అదే మొదలంటారు. ఆ తర్వాత అదే వరస మీద వందల పాటలొచ్చాయి. రెగెని ప్రేమించిన ఒక చదువుకున్న అమ్మాయి తోక్యోలో పెట్టెలో పెట్టిన ఊపు, తిరిగి ఆ రెగె పుట్టిన దీవికే చేరింది. పెట్టె మీద ఉన్నది కంపెనీ పేరే. నేనిది చెప్పినప్పుడు పిన్ని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “అయితే అన్నీ మగాళ్ళు కట్టినవి కావన్నమాట” అంది. ఆ పాట తర్వాత జమైకా స్టూడియోల్లో డ్రమ్ములూ బేసులూ వాయించే మనుషులకి పని తగ్గిన సంగతి కూడా చెప్పాను. దానికి ఆమె ముఖంలో వచ్చిన మార్పుకి కారణం వేరే ఉంది, అక్కడికి వస్తాను.

2023 మార్చి 8 కోసం ఒక మహిళా సంఘం వాళ్ళు నేను రికార్డు చేసిన నాట్ల పాటల్ని స్టేజి మీద పాడిద్దామన్నారు. పాడేవాళ్ళు ఐదుగురు, నాట్లకి వెళ్ళే ముఠాలో వాళ్ళే, అందరికన్నా పెద్దామెకి డెబ్బై దాటాయి. ఉత్తగా పాడితే సభ నిలవదనీ, వెనక మ్యూజిక్ ఉండాలనీ సంఘం వాళ్ళ పట్టు. నాకు ఇష్టం లేదు. పిన్ని వాయిస్తుందంటే ఒప్పుకున్నాను.

మొదటిరోజు రిహార్సల్లో పిన్ని డోలక్ స్టైల్ ఒకటి పెట్టింది. రెండో పాదానికే పాట, పెట్టె విడిపోయాయి. నాట్లలో పాదం చివర స్వరాన్ని ఎంతసేపు పట్టుకోవాలో ముఠా చూసుకుంటుంది. వెనకబడిన మనిషి వరసలోకి వచ్చేదాకా పట్టుకుంటారు. అది లెక్కకి అందే వ్యవధి కాదు. నేను నా థీసిస్‌లో దాన్ని దీర్ఘాంతం అని రాసి, ఛందస్సు గురించి రెండు పేజీలు నడిపాను. ఆ గదిలో మాత్రం అది వెనకబడిన మనిషి కోసం ఆగడంగా వినబడింది. పెద్దామె పాట ఆపి, పెట్టె వైపు వింతగా చూసింది.

“ఇదేంటమ్మాయ్, ఎవురి కోసమూ ఆగదా?”

మూడోరోజుకి పిన్ని దారి కనిపెట్టింది. నా లాంగ్‌నోట్ బుక్కులో సింక్రో స్టాప్ అని ఒక పేజీ ఉంది. అది వేస్తే ఎడమచెయ్యి మెట్ల మీద ఉన్నంతసేపే స్టైల్ మోగుతుంది. చెయ్యి తీస్తే ఠక్కున ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే మొదటి లెక్క నుంచి ఎత్తుకుంటుంది. పాదం చివర వాళ్ళు స్వరం పట్టుకోగానే పిన్ని చెయ్యి తీసేసేది. ఐదు గొంతులూ ఆ నిశ్శబ్దంలో ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలబడేవి. పెద్దామె తల కదలగానే పిన్ని చెయ్యి కిందికి దిగేది. పాదమూ పెట్టే ఒకేచోట మొదలయ్యేవి. ఇంకొక చిక్కు కార్డులది. ఆ పాటలు నాలుగైదు స్వరాల్లో తిరుగుతాయి. పెట్టెకేమో ప్రతి పాటా మేజరో మైనరో అయ్యుండాలి. గాంధారం ఏదో తేలితే గానీ అది తృప్తిపడదు. మాన్యువల్లోనే దానికీ ఒక సందుంది. షడ్జమం, పంచమం రెండే నొక్కితే ఆ రెంటి మీదే వాయిస్తుంది, గాంధారం జోలికి పోదు. పిన్ని చిటికెనవేలూ బొటనవేలూ రెంటితోనే రెండు పాటలు గడిపింది.

పూర్తిగా కుదిరిందని చెప్పను. ఠక్కున ఆగినప్పుడు ఎవరో తలుపు మూసినట్టుండేది. ఎడమచెయ్యి మెట్లకి అంకితమైపోయింది కాబట్టి ఆ చక్రం తిప్పడానికి వీల్లేక గొంతుల్లో ఉన్న జారుడు ఒక్కటీ కీబోర్డు మీద పలకలేదు. ఆ జారుడు పలకాలంటే చెయ్యి తీసి స్టైల్‌ని దాని మానాన వదలాలి, అప్పుడు ఊపిరి పోతుంది. పిన్ని ఊపిరినే ఎంచుకుంది. మూడో పాటకి ఏదీ ఒప్పక పెట్టె కట్టేసింది. సభలో ఎక్కువ చప్పట్లు దేనికి పడ్డాయో రాయను, రాస్తే వాదన తేలిపోయినట్టు అనిపిస్తుంది. పెట్టె పెట్టిన రెండు పాటల్నీ ఆ ఐదుగురూ ఫోన్లలో పదేపదే వేసుకుని విన్నారు. “సినిమాలో లాగుంది” అని మురిసిపోయారు. ఆ మురిపాన్ని పల్లె పాట పాడైపోయిందనే నా దిగులుతో కొలవడానికి నాకు మనసొప్పలేదు.

ఇక ఆ డోలక్ తమ్ముడి సంగతి. పిన్ని కీబోర్డు కొనకముందు ఆమె పక్కన పదేళ్ళకి పైగా వాయించినతను. తాత, తండ్రి డప్పు కళాకారులు. తాగి వచ్చేవాడు ఇతను కాదు, అతను తబలా. కానీ పెట్టె వచ్చినప్పుడు ఇద్దరి పనీ ఒకేసారి పోయింది. ఇప్పుడు ఇళ్ళకి రంగులేస్తాడు. ఒక స్త్రీకి స్వేచ్ఛనిచ్చిన వస్తువు ఒక దళిత వాద్యగాడి కూడు తీసిందని రాయడం తేలిక. పిన్నీ అదే పేటలో పుట్టింది, ఆమె కుట్టుకూలి కూడా కూలే కాబట్టి ఆ వాక్యం అంత నున్నగా నిలవదు. ఆ ఇద్దరికీ కలిపి ఇవ్వాల్సిన డబ్బుని ఒక్కరికే ఇచ్చి మిగుల్చుకున్నది సంఘం పెద్దలు. ఈ మాట పిన్నే అంది, నా విశ్లేషణ కాదు.

నాట్ల పాటల రిహార్సల్స్ అయ్యాక ఆమె అతనింటికి వెళ్ళింది. చాపు తాళం కీర్తనలకి వాయించమని అడిగింది. “ముందు నీ మిషన్ని అడుగక్కా” అన్నాడట. రెండోసారి వెళ్తే టీ ఇచ్చాడు. మూడోసారికి డోలక్ మీది దుమ్ము దులిపాడు. కమిటీలో మాత్రం “పెట్టెలో డోలక్ ఉందిగా, మళ్ళీ మనిషెందుకు” అన్నారు. పిన్ని తనకిచ్చే దాంట్లోంచి అతనికి ఐదొందలిస్తోంది. నెలకి ఒక్క ఆదివారానికే అది సరిపోతుంది.

లాంగ్‌నోట్ బుక్కు వెనక పేజీల్లో ఆమె ఒక పట్టీ రాసుకుంది. పాట పేరు, పక్కన స్టైల్ నంబరు, వేగం. పదిహేడు కీర్తనల పక్కన నంబరు లేదు, ‘తమ్ముడు’ అని ఉంది. మొదటి ఆదివారం వాటిలోంచి రెండు మూడు పాడిస్తుంది. మిగతా ఆదివారాల్లో ఆ పదిహేడూ పాడరు.